నాణేనికి పూర్వజన్మ లేదు

(గొలుగొండలో ఒక పేటలో జరిగిన రాత్రి సభలో మా బృందం చేసిన ప్రసంగం ఇది. నోటితో చెప్పినదాన్ని రాతలో పెట్టేటప్పుడు కొంత సరిచేశాం, కొంత అలాగే వదిలేశాం.)



పొద్దుటి నుంచి జీడితోటల్లో, చెరకు చేలల్లో ఒళ్ళు ఇరగ్గొట్టుకుని వచ్చి, ఇంత అంబలి తాగి ఇక్కడ కూచున్నారు. మీకు నిద్ర వచ్చేలోగా ఒకే ఒక్క సంగతి మాట్లాడి వెళ్తాం. అది కర్మ సంగతి. మన నోట్లో అది 'ఖర్మ'. "ఏటి మా ఖర్మ", "ఖర్మ కాలిపోనాది", "మా ఖర్మ కాకపోతే మరేటి" అని పొద్దున్న లేస్తే ఎన్నిసార్లు అంటామో లెక్కలేదు. కూలి తక్కువిస్తే ఖర్మ. ఇల్లు కారితే ఖర్మ. బిడ్డకి జబ్బు చేస్తే ఖర్మ. మాటవరసకి అంటున్నాం అనుకుంటాం. కాని ఆ మాట మనచేత చాలా పనులు మానిపిస్తోంది.

ఇక్కడికి వచ్చేముందు మన్యం అంచున ఒక ఊళ్ళో ఒక తల్లిని చూశాం. ఆమె పేరూ, ఊరి పేరూ చెప్పం. ఆమెకి నలుగురు బిడ్డలు. అందులో ఇద్దరికి ఒకటే జబ్బు. చలి పెరిగితే కీళ్ళు పట్టేస్తాయి, ఎముకల్లో పోట్లు వస్తాయి, కళ్ళు పచ్చబడతాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. అత్త రోజూ అంటోందట, "నువ్వు ఏ జన్మలో ఎవరి బిడ్డల్ని ఏడిపించేవో" అని. మొగుడు మాట్లాడడు. ఆ తల్లి ఆసుపత్రికి వెళ్ళడం మానేసింది. ఎందుకమ్మా అని అడిగితే, "చేసుకున్నది అనుభవించాలి గదా బాబూ, మందులేటి చేస్తాయి" అంది. ఆ మాట విన్నాకే ఇవాళ ఇక్కడ ఏం మాట్లాడాలో మేం తేల్చుకున్నాం.

ఇంకో సంగతి. సాయంత్రం ఇక్కడ పట్టాలు పరుస్తుంటే ఇంటరు చదివే కుర్రాడొకడు మమ్మల్ని పట్టుకున్నాడు. "మీరు కర్మ లేదంటారు. మరి ఫిజిక్సులో న్యూటన్ చెప్పింది అదే కదా? ప్రతి చర్యకీ సమానమైన ప్రతిచర్య ఉంటుందని? సెల్‌ఫోనులో ఒకాయన ప్రవచనంలో చెప్పాడు, కర్మ సైన్సేనని" అన్నాడు. మంచి ప్రశ్న. వెనకటికి శాస్త్రం పేరు చెప్పి మన నోరు మూయించేవారు. ఇప్పుడు సైన్సు పేరు చెబుతున్నారు. కాబట్టి ముందు ఆ సైన్సు ఏమంటుందో చూద్దాం. ఆ తర్వాత ఆ తల్లి దగ్గరకి వద్దాం.

న్యూటన్ చెప్పింది ఏమిటి?

న్యూటన్ తన పుస్తకం అచ్చువేసింది 1687లో. అందులో మూడో సూత్రం మనవాళ్ళు చెప్పేదే. మీరు రాయిని కాలితో తంతే రాయి కూడా మీ కాలిని అంతే బలంతో నెడుతుంది. అందుకే వేలు వాస్తుంది. దోనెలోంచి గట్టుకి గెంతితే దోనె వెనక్కి పోతుంది. ఇది నిజం, మీరందరూ చూసిందే.

కాని కాస్త ఆగి చూడండి. రాయి మీ కాలిని ఎప్పుడు నెట్టింది? తన్నిన క్షణంలోనే. మరుసటి ఏడు కాదు, మరుసటి జన్మలో కాదు. చర్యా ప్రతిచర్యా ఒకే క్షణంలో పుట్టి ఒకే క్షణంలో పోతాయి. బాకీ మిగలదు.

రెండోది. న్యూటన్ సూత్రానికి మంచీ చెడ్డా తెలియవు. బుగత కర్రతో కంబారి వీపు మీద కొట్టాడనుకోండి. ఆ వీపు కూడా ఆ కర్రని అంతే బలంతో వెనక్కి నెడుతుంది. అక్కడితో న్యూటన్ పని అయిపోయింది. కొట్టినవాడిది పాపమా, కొట్టించుకున్నవాడిది ప్రారబ్ధమా అని ఆయన సూత్రం అడగదు. తల్లి బిడ్డ వీపు తట్టినా లెక్క అదే.

శక్తి నశించదు, రూపం మారుతుంది అని కూడా చదువుకుంటారు. దాన్నీ కర్మకి సాక్ష్యంగా లాక్కొస్తారు. నశించదు, నిజమే. మీరు గొడ్డలితో కట్టె కొడితే మీ ఒంట్లో శక్తి కొంత కట్టెని చీలుస్తుంది, కొంత చప్పుడవుతుంది, చివరికి వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. ఆ వేడి మీద ఎవరి పేరూ రాసి ఉండదు, కులం రాసి ఉండదు. అది వెతుక్కుంటూ వెళ్ళి ఏ తల్లి కడుపులోనూ దూరదు. ఫిజిక్సులో కారణం ఉంది, దాని ఫలితం ఉంది. ఖాతా పుస్తకం మాత్రం లేదు.

మరి కర్మ సిద్ధాంతంలో ఏముంది? ఛాందోగ్య ఉపనిషత్తు ఐదో అధ్యాయం తీసి చూడండి. మంచి నడత ఉన్నవాళ్ళు బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య స్త్రీల కడుపున పుడతారనీ, చెడ్డ నడత ఉన్నవాళ్ళు కుక్క కడుపున, పంది కడుపున, చండాల స్త్రీ కడుపున పుడతారనీ ఉంది. కుక్క, పంది, చండాలుడు, ముగ్గురిదీ ఒకటే వరస. మనుస్మృతి పన్నెండో అధ్యాయంలో ఇంకా పెద్ద జాబితా ఉంది. ఇదా ప్రకృతి సూత్రం? ఊళ్ళో ఉన్న కులాల మెట్లని ఆకాశంలోకి ఎక్కించి, అక్కడి నుంచి దిగివచ్చాయని చెప్పడం ఇది. భూమి ఆకర్షణకి కులం తెలియదు. చెట్టు మీదినుంచి జారితే బుగత కొడుకునైనా, కంబారి కొడుకునైనా ఒకేలా కిందికి లాగుతుంది.

మన మంచి కోరి చెప్పినా ఒప్పుకోకూడదు

1934 జనవరి 15న బీహారులో పెద్ద భూకంపం వచ్చింది. వేలమంది చనిపోయారు. గాంధీ అప్పుడు అంటరానితనానికి వ్యతిరేకంగా దేశమంతా తిరుగుతున్నారు. అంటరానితనం అనే పాపానికి దేవుడు వేసిన శిక్షే ఈ భూకంపం అన్నారాయన. అంటరానితనం పోవాలని రవీంద్రనాథ్ టాగోరూ కోరుకున్నారు. అయినా ఆయన ఈ మాటని గట్టిగా ఖండించారు. భూమిలో జరిగే మార్పులకి భూమిలోనే కారణాలుంటాయి, మనుషుల పాపపుణ్యాలని అందులో కలపవద్దన్నారు. గాంధీ ఆ ఖండనని తన 'హరిజన్' పత్రికలోనే అచ్చువేసి, తన జవాబూ పక్కన వేశారు.

మనం ఎవరి పక్షాన ఉండాలి? ఆలోచించండి. ఆ భూకంపంలో కూలిన ఇళ్ళలో మనవాళ్ళ ఇళ్ళు లేవా? అంటరానితనం చేసినవాడికి శిక్ష వేస్తే అంటరానివాడు కూడా ఎందుకు చావాలి? మన భూభాగం ఏటా కొంచెం కొంచెం ఉత్తరానికి జరిగి హిమాలయాల కిందికి తోసుకుపోతోంది. ఆ ఒత్తిడి ఒక్కసారిగా విడివడితే భూకంపం. మనకి అనుకూలంగా ఉంది కదా అని ఇవాళ ఆ లెక్కని ఒప్పుకుంటే, రేపు మన గుడిసెలు కాలినప్పుడు అదే లెక్క మన మీదికి తిప్పుతారు.

రూపాయి బిళ్ళ చెప్పే పాఠం

ఇప్పుడు ఒక రూపాయి బిళ్ళ తీయండి. ఎగరేస్తే బొమ్మో బొరుసో పడుతుంది. వరసగా ఐదుసార్లు బొమ్మ పడింది. ఆరోసారి ఏం పడుతుంది? సగం మంది "ఇక బొరుసే" అంటారు, సగం మంది "బొమ్మ ఊపు మీదుంది" అంటారు. ఇద్దరూ తప్పే. ఆరోసారి కూడా సగానికి సగం అవకాశమే. ఎందుకంటే బిళ్ళకి అంతకుముందు ఏం పడిందో గుర్తుండదు. నాణేనికి పూర్వజన్మ లేదు.

ఈ లెక్కకి సంభావ్యత అని పేరు. 1654లో పాస్కల్, ఫెర్మా అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు జూదం పందేల గురించి ఉత్తరాలు రాసుకుంటూ దీనికి పునాది వేశారు. ఒక్కసారి ఏం పడుతుందో ఈ లెక్క చెప్పదు. వెయ్యిసార్లు వేస్తే సుమారు ఎన్నిసార్లు ఏది పడుతుందో చెబుతుంది.

దీన్ని మన ఇళ్ళలోకి తెద్దాం. ఐదుగురూ ఆడపిల్లలే పుట్టిన ఇల్లు ఈ చుట్టుపక్కల లేదా? ఆ తల్లిని ఎన్ని మాటలంటారు? ఐదుగురు పిల్లలున్న ఇళ్ళు వెయ్యి తీసుకుంటే, అందులో సుమారు 31 ఇళ్ళలో అందరూ ఆడపిల్లలే ఉంటారు. ఎవరూ ఏ పాపం చేయకుండానే ఉంటారు. పైగా బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి వైపు కణాన్ని బట్టి తేలుతుంది. మాటలు పడేది మాత్రం తల్లి.

ఇప్పుడు క్వాంటం ఫిజిక్సు కూడా కర్మని రుజువు చేసిందని చెబుతున్నారు. అదీ చూద్దాం. రేడియం అనే లోహం ఉంది. దాని అణువులు ఒక్కొక్కటే పగిలిపోతుంటాయి. ఒక ముక్క పెట్టుకుంటే 1600 ఏళ్ళలో సుమారు సగం అణువులు పగులుతాయి. కాని ఏ అణువు ఇవాళ పగులుతుంది, ఏది మన మనవల కాలందాకా ఉంటుంది అన్నది ముందే చెప్పే లెక్క ఏదీ ఫిజిక్సు దగ్గర లేదు. పాత అణువుకీ కొత్త అణువుకీ అవకాశం ఒకటే. అణువుకి కూడా గతం గుర్తుండదు. ఇదీ క్వాంటం ఫిజిక్సు చెప్పింది. ఇందులో కర్మ ఎక్కడుంది?

మన పెద్దవాళ్ళు 'అదృష్టం' అంటారు. ఆ మాటకి అర్థం 'కంటికి కనబడనిది' అని. పూర్వం చేసిన కర్మ కనబడకుండా నిలవ ఉండి తర్వాత ఫలితమిస్తుందని పండితులు దానికి పెట్టిన పేరు అదృష్టం. లాటరీ తగిలినవాడిని అదృష్టవంతుడు అన్నప్పుడల్లా తెలియకుండానే కర్మ సిద్ధాంతం వల్లిస్తున్నాం.

ఆ తల్లి పిల్లల జబ్బు

మనం చెప్పుకున్న ఆ పిల్లలవి సికిల్ సెల్ జబ్బు లక్షణాలు. కొడవలి కణాల జబ్బు అంటే అర్థమవుతుంది. రక్తంలో ఎర్ర కణాలు మెత్తటి గుండ్రటి బిళ్ళల్లా ఉంటాయి. ఎంత సన్నటి నాళంలోంచైనా జారిపోతాయి. ఈ జబ్బులో అవి కొడవలిలా వంగి గట్టిపడతాయి. సన్నటి నాళాల్లో అడ్డంపడతాయి. అక్కడ పోటు. తొందరగా చితికిపోతాయి, అందుకే రక్తం తగ్గుతుంది, కళ్ళు పచ్చబడతాయి. 1949లో లైనస్ పౌలింగ్, ఆయన తోటివాళ్ళు ఈ తేడా రక్తంలోని హిమోగ్లోబిన్‌లోనే ఉందని చూపించారు. కొన్నేళ్ళకే వెర్నన్ ఇంగ్రామ్ ఇంకా దగ్గరగా చూశాడు. హిమోగ్లోబిన్ పెద్ద పూసల దండ అనుకుంటే, అందులో ఒకేఒక్క పూస మారింది. అంతే. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి కొండల ఆదివాసుల్లో గుర్తించారు. మన మన్యంలోనూ ఉంది.

ఇది ఎలా వస్తుంది? ఈ విషయంలో ప్రతి మనిషి దగ్గరా రెండు చీటీలుంటాయి. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. రెండూ మంచివైతే జబ్బు లేదు. ఒకటి మంచిది, ఒకటి కొడవలిది అయితే ఆ మనిషి మామూలుగానే బతుకుతాడు, తన దగ్గర ఆ చీటీ ఉన్నట్టు కూడా తెలియదు. రెండూ కొడవలివైతేనే జబ్బు. భార్యాభర్తలిద్దరి దగ్గరా ఒక్కొక్క కొడవలి చీటీ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకి వచ్చింది కదా, ఇక తర్వాతి ముగ్గురికీ రాదు అనుకోవద్దు. ప్రతి కాన్పుకీ లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. నాణెం కథే ఇది.

ఇలాంటి భార్యాభర్తలు, నలుగురేసి పిల్లలున్నవాళ్ళు, 100 ఇళ్ళు ఉన్నాయనుకోండి. లెక్క వేస్తే సుమారు 32 ఇళ్ళలో ఏ బిడ్డకీ జబ్బు ఉండదు. 42 ఇళ్ళలో ఒక బిడ్డకి ఉంటుంది. 26 ఇళ్ళలో ఇద్దరికో, అంతకన్నా ఎక్కువమందికో ఉంటుంది. ఆ 32 ఇళ్ళ తల్లులు పుణ్యాత్ములా? ఈ 26 ఇళ్ళ తల్లులు పాపాత్ములా? అందరి దగ్గరా ఉన్నవి అవే చీటీలు. పైగా తల్లి ఒక్కతే చీటీ ఇస్తే జబ్బు రాదు. తండ్రి కూడా ఇవ్వాలి. మరి ఆ అత్త కొడుకుని ఒక్క మాటైనా అనదేం?

ఇంకో సంగతి వినండి. ఒక్క కొడవలి చీటీ ఉన్నవాళ్ళు మలేరియాని కొంత బాగా తట్టుకుంటారు. మన్యం జ్వరాలు మనుషుల్ని ఊడ్చుకుపోయిన రోజుల్లో ఆ చీటీ ఉన్నవాళ్ళు ఎక్కువగా బతికి బట్టకట్టారు. అందుకే మలేరియా ఉన్న నేలల్లో ఇది నిలబడిపోయింది. అంటే ఇది ఎవరి పాపానికీ గుర్తు కాదు. జ్వరాన్ని తట్టుకుని మనదాకా బతుకు అందించిన తాతముత్తాతల గుర్తు.

అంబేడ్కర్ ఈ చోటుకే వేలు పెట్టి చూపించారు. ఆయన చనిపోయాక 1957లో అచ్చయిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' పుస్తకంలో ఈ చర్చ ఉంది. బిడ్డకి వచ్చేది తల్లిదండ్రుల నుంచి వస్తుందని సైన్సు అంటోంది. పూర్వజన్మ కర్మ తల్లిదండ్రులతో సంబంధం లేకుండా బయటినుంచి వస్తుందని వీళ్ళంటారు. అది ఎలా వచ్చి చేరుతుందో ఎవరూ చూపించలేదు. పేదల స్థితికి వాళ్ళ పూర్వకర్మే కారణమని ఒప్పుకుంటే ప్రభుత్వమూ, సమాజమూ తమ బాధ్యత నుంచి తప్పించుకుంటాయని కూడా ఆయన హెచ్చరించారు. సరిగ్గా అదే జరుగుతోంది.

కర్మ అనుకున్న తల్లి ఇంట్లో కూచుంటుంది. కారణం తెలిసిన తల్లి బయల్దేరుతుంది. ఈ జబ్బుకి రక్తపరీక్ష ఉంది. హైడ్రాక్సీయూరియా అనే మందు పోట్లని తగ్గిస్తుంది, డాక్టరు చూసి ఇవ్వాలి. 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో మన రాష్ట్రమూ ఉంది. 40 ఏళ్ళ లోపువాళ్ళు 7 కోట్ల మందికి పరీక్షలు చేస్తామన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో కూడా ఈ జబ్బుని చేర్చారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి పరీక్ష అడగండి, కార్డు అడగండి, మందు అడగండి. లేదంటే నలుగురూ కలిసి వెళ్ళి అడగండి. పెళ్ళికి ముందు ఆడా మగా ఇద్దరూ పరీక్ష చేయించుకుంటే మంచిది. కాని ఆ కాగితం చూపించి పిల్లని కాదనకండి. అది ఇంకో రకం అంటరానితనం అవుతుంది.

సీసం పోసిన పాచిక

ఇక్కడ ఒక పెద్దమ్మ లేచి అడగవచ్చు. "అయితే బాబూ, అంతా బొమ్మా బొరుసేనా? మేం పేటలో పుట్టడం కూడా అలా పడ్డదేనా?" అని. ఎవరి కడుపున ఎవరు పుడతారన్నది ఎవరూ ఎంచుకోలేదు, అది నిజం. కాని పేటలో పుట్టినవాడికి పాకీపనీ, ఊళ్ళో పుట్టినవాడికి పల్లపు భూమీ రావడం బొమ్మా బొరుసూ కాదు. దీన్ని కూడా లెక్కతోనే పట్టుకోవచ్చు.

నాణెం పదిసార్లు ఎగరేస్తే ఏడుసార్లు బొమ్మ పడవచ్చు. వెయ్యిసార్లు ఎగరేస్తే వెయ్యిసార్లూ బొమ్మే పడిందనుకోండి. అప్పుడు అదృష్టం అనకండి. నాణేన్ని తిప్పి చూడండి, రెండు వైపులా బొమ్మే ఉంటుంది. పాచికలో ఒక పక్క సీసం పోస్తే ఎప్పుడూ ఒకే అంకె పడుతుంది. పోసినవాడు పక్కనే కూచుని "దేవుడి దయ" అంటుంటాడు.

పట్నాల్లో మురుగు గుంతల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో దిగే పని చూడండి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో షెడ్యూల్డు కులాలవాళ్ళు 16.6 శాతం. పని యాదృచ్ఛికంగా పడితే ఆ గుంతల్లో దిగే వందమందిలో మనవాళ్ళు 16, 17 మంది ఉండాలి. కేంద్ర ప్రభుత్వం 2024 నాటికి 'నమస్తే' పథకంలో నమోదు చేసిన ఈ కార్మికుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది షెడ్యూల్డు కులాలవాళ్ళే. ఇది నాణెం పని కాదు. ఇందులో సీసం ఉంది, దాని పేరు కులం.

ఆ గుంతలో మనిషి ఎలా చస్తాడో కూడా ఫిజిక్సూ కెమిస్ట్రీయే చెబుతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కన్నా బరువు, అడుగున నిలుస్తుంది. మొదట కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని ఇంకో మెట్టు దిగినవాడు పైకి రాడు. ఇందులో ప్రారబ్ధం ఎక్కడుంది? గాలి పరీక్ష చేయకుండా, యంత్రం తేకుండా మనిషిని దించినవాడు ఉన్నాడు. కోలారు బంగారు గనుల ఊళ్ళో పుట్టిన బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారీ ఆందోళన్ సహచరులు 'కర్మ' అని ఊరుకోలేదు. చచ్చినవాళ్ళ జాబితాలు తయారుచేశారు. 2003లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2013లో చట్టం వచ్చింది. 2014 మార్చి 27న కోర్టు చచ్చినవాళ్ళ కుటుంబాలకి 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో వేరే కేసులో దాన్ని 30 లక్షలు చేసింది. ప్రాణానికి అది వెల కాదు. కాని ఖర్మ అనుకుని ఏడ్చి ఊరుకుంటే ఆ జాబితా కూడా ఉండేది కాదు.

ఖర్మ అనని మనుషులు

ఇది పట్నం చదువు కాదు. మీ మండలంలోనే కృష్ణదేవిపేట ఉంది, అల్లూరి సీతారామరాజు సమాధి అక్కడే ఉంది. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయించినప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి సరిగ్గా ఇవ్వకుండా కొండవాళ్ళ చేత వెట్టి చేయించాడు. అడవిలో పోడు కొట్టనివ్వలేదు. కొండవాళ్ళు దాన్ని ఖర్మ అనుకుని ఉంటే అంతే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీదికి వెళ్ళారు. ఆ పోరాటంలో గాం గంటందొర వంటివాళ్ళు ఉన్నారు. వాళ్ళకి కారణం తెలుసు. ఆ కారణానికి పేరూ, ఉద్యోగమూ కూడా తెలుసు.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని చంపారు. బతికినవాళ్ళు చీరాల వచ్చి శిబిరం వేసుకున్నారు. అక్కడే దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. మా ఊళ్ళోనే కోర్టు పెట్టండి, మా కళ్ళముందు విచారణ చేయండి అని వాళ్ళు పట్టుబట్టి సాధించుకున్నారు. 2007 జూలై 31న ఆ ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. గెలిచామని మేం అబద్ధం చెప్పం. కాని వాళ్ళు చచ్చినవాళ్ళ పూర్వజన్మ విచారించలేదు, చంపినవాళ్ళ ఈ జన్మని విచారించమన్నారు. 1941లోనే జాషువా 'గబ్బిలం'లో ఈ కర్మని నిలదీశాడు. మనకిది కొత్త ప్రశ్న కాదు.

బుద్ధుడిది ఇంకా పాత మాట. మనుషులకి కలిగే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసినదాని ఫలమేనా అని శివకుడు అనే పరివ్రాజకుడు ఆయన్ని అడిగాడు. కాదన్నాడు బుద్ధుడు. పిత్తం వల్ల, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, రుతువులు మారడం వల్ల, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం వల్ల, దెబ్బల వల్ల బాధలు వస్తాయి, ఇది ఎవరికి వాళ్ళు తెలుసుకోగలిగిందే అన్నాడు. కర్మని ఆ వరసలో చిట్టచివర పెట్టాడు. అలా చెప్పినవాడి కొండ మన అనకాపల్లి పక్కనే శంకరంలో ఉంది, బొజ్జన్నకొండ. సంఘారామం అన్న మాటే శంకరం అయింది. కనుమనాడు అక్కడ రాక్షసుడున్నాడనుకుని జనం రాళ్ళు రువ్వే ఆచారం ఎన్నో ఏళ్ళు నడిచింది. మనవాడెవరో మనకే తెలియకుండా చేస్తే అలాగే అవుతుంది.

ఓదార్పు మాటేమిటి?

చివరిగా ఒక మాట. ఇందాక ఒక ముసలామె మాతో అంది, "ఖర్మ అనుకోకపోతే గుండె ఆగిపోద్ది నాయనా" అని. దాన్ని మేం నవ్వి కొట్టిపారేయం. చేతిలో బిడ్డ పోయినప్పుడు మనిషి ఏదో ఒకటి పట్టుకోవాలి. కాని ఏం పట్టుకోవాలో చూడండి. ఖర్మ అన్న మాట ఓదారుస్తూనే "తప్పు నీదే" అని చెవిలో చెబుతుంది. పక్కన కూచున్న మనిషి ఓదార్పు అలా చెప్పదు. ఆ తల్లి దగ్గర మేం ఒక పూట కూచున్నాం. చీటీల లెక్క నేల మీద చింతపిక్కలతో వేసి చూపించాం. ఆమె చాలాసేపు ఆ పిక్కలకేసి చూసి, "అయితే నా తప్పు కాదా?" అని ఒక్కటే అడిగింది. కాదమ్మా అన్నాం. పిల్లల్ని పరీక్షకి తీసుకెళ్తానంది. ఆమె వెంట మాలో ఒకరు వెళ్తారు.

కర్మ భయం లేకపోతే చెడ్డవాడు ఆగుతాడా అని కూడా అడుగుతారు. వచ్చే జన్మకి భయపడి కూలి ఒక్క రూపాయి పెంచిన బుగతని మీరు చూశారా? పెంచింది కూలోళ్ళు కట్టుగా పని ఆపినప్పుడు.

కాబట్టి ఇకమీద ఎవరైనా మీతో "మీ ఖర్మ" అంటే నాలుగు ప్రశ్నలు అడగండి. దీనికి కారణం ఏమిటి? ఇది అందరికీ పడుతోందా, మనకే పడుతోందా? మనకే పడుతుంటే సీసం పోసింది ఎవరు? దాన్ని తీయాలంటే ముందు ఎవరి తలుపు తట్టాలి? జవాబు తెలియకపోతే పక్కవాళ్ళని అడగండి, చదువుకున్న పిల్లల్ని అడగండి. ఆ ఇంటరు కుర్రాడు ఇక్కడే ఉన్నాడు. న్యూటన్ గురించి ఇప్పుడు మనకన్నా బాగా వాడే చెబుతాడు.

నుదుటి మీద రాత ఎవరికీ లేదు. కూలి పుస్తకంలో రాత ఉంది, భూమి పట్టాలో రాత ఉంది, కేసు కాగితంలో రాత ఉంది. వాటిని చదవడం నేర్చుకుందాం, తప్పు రాస్తే దిద్దిద్దాం.

జై భీమ్.